కారు కింద ‘టక్’ శబ్దం: ఓరుగల్లులో ఏ వర్క్‌షాప్ ఎంతవరకు పట్టుకుంటుంది

హనుమకొండ, వరంగల్, కాజీపేటల్లో ఏ గ్యారేజీకి పోయి కారు కింద సౌండ్ వస్తోందని చెప్పినా ముందు వినపడే మాట ‘లింక్ రాడ్లు పోయినయ్ సార్’. చాలాసార్లు అది నిజమే. గల్లీగల్లీకి స్పీడ్ బ్రేకర్లున్న ఊళ్లలో లింక్ రాడ్లు (మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే స్టెబిలైజర్ కడ్డీని సస్పెన్షన్‌కు కలిపే చిన్న రాడ్లు) అరగడంలో వింతేమీ లేదు. అయితే శబ్దం గుంతలో పడ్డప్పుడు రాకుండా, చౌరస్తా సిగ్నల్ దగ్గర ఫస్టు గేరులో క్లచ్ వదిలినప్పుడు మాత్రమే వస్తుంటే, ఎన్ని జతల లింక్ రాడ్లు మార్చినా అది పోదు. కొత్తవి వేయించుకుని, డబ్బు కట్టి, గేటు దాటి ట్రాఫిక్‌లో కలవగానే మళ్లీ అదే టక్.

ఈ ఒక్క కంప్లయింట్ గురించే ఈ రివ్యూ. మాన్యువల్ గేరు కారు నిదానంగా పోతుంటే వచ్చే కొట్టుకుడు శబ్దాన్ని మన దగ్గర ఎవరు బాగా పట్టుకుంటారు, ఎవరు ఎక్కడ తప్పుతారు? మనకున్నవి మూడు రకాల చోట్లు: కంపెనీ సర్వీస్ సెంటర్, అన్ని కంపెనీల బండ్లూ చేసే మల్టీబ్రాండ్ గ్యారేజీ, వీల్ అలైన్‌మెంట్ షాపు. షాపుల పేర్లు రాయడం లేదు. ఒకే బోర్డు కింద మెకానిక్ మారితే పని కూడా మారిపోతుంది కాబట్టి పేరు కంటే పనితీరు చూసుకోవడమే మేలు.

మేం చూసే మొదటి విషయం: మెకానిక్ బండిలో కూర్చుని ఆ శబ్దం తన చెవులతో విన్నాడా, వినకుండానే ర్యాంపు (బండిని పైకెత్తే లిఫ్టు) ఎక్కించాడా? ర్యాంపు మీద చక్రాలు గాలిలో వేలాడుతుంటాయి. సస్పెన్షన్ మీద బండి బరువు ఉండదు, ఇంజిన్ చక్రాలను తోయదు, బ్రేకు పడదు. శబ్దం పుట్టించే బలాలన్నీ అక్కడ లేకుండా పోతాయి. అప్పుడు చేత్తో ఊపితే సులువుగా ఊగే పార్టు ఏదో అదే దొంగగా దొరుకుతుంది. అందుకే లింక్ రాడ్లకు అంత పేరు. ర్యాంపు అవసరమే, కాని రోడ్డు మీద విన్న తర్వాత, అనుమానం ఒకటి రెండు పార్టులకు తగ్గిన తర్వాత.

గ్యారేజీకి పోయే ముందే తేల్చుకోవాల్సింది

నిదానం ట్రాఫిక్‌లో డ్రైవర్ చేసే పనులు నాలుగే: క్లచ్ వదలడం, యాక్సిలరేటర్ తొక్కి వదలడం, బ్రేకు కొట్టడం, స్టీరింగ్ తిప్పడం. ఒక్కో పని ఒక్కో పార్టు మీద బలం పెడుతుంది. ఏ పనితో శబ్దం వస్తోందో తెలిస్తే సగం తేలినట్టే.

క్లచ్ వదలగానే ఒక్క టక్, యాక్సిలరేటర్ మీది నుంచి కాలు తీసేస్తే ఇంకో టక్, రివర్సులో ఇంకా గట్టిగా వస్తే ముందు అనుమానించాల్సింది ఇంజిన్ మౌంటింగులను. ముందు చక్రాలు లాగే (ఫ్రంట్ వీల్ డ్రైవ్) చాలా కార్లలో ఇంజిన్ అడ్డంగా కూర్చుంటుంది. మామూలుగా దాన్ని మోసేవి మూడు రబ్బరు మౌంటింగులు. ఒకటి బెల్టు వైపు, ఒకటి గేర్‌బాక్స్ వైపు, మూడోది కింద వెనకవైపు ఎముక ఆకారంలో ఉండే టార్క్ రాడ్. ఫస్టు గేరు, డిఫరెన్షియల్ (గేర్‌బాక్స్ నుంచి రెండు చక్రాలకూ బలం పంచే గేర్లు) నిష్పత్తులు కలిపితే చిన్న పెట్రోల్ కార్లలో ఇంజిన్ టార్కు (తిప్పే బలం) చక్రాల దగ్గరికి చేరేసరికి దాదాపు 13, 14 రెట్లు అవుతుంది. చక్రాన్ని ముందుకు తిప్పే బలం ఎంతో, ఇంజిన్‌ను వెనక్కి తిప్పే బలం అంతే. అదంతా పడేది మౌంటింగుల మీదే. ఐదో గేరులో ఇది మూడు రెట్ల దగ్గరికి తగ్గిపోతుంది. హైదరాబాద్ హైవే మీద నిశ్శబ్దంగా పోయిన బండి కాజీపేట బ్రిడ్జి ఎక్కుతూ ఆగుతూ పోతుంటే టకటకమనడానికి కారణం ఇదే.

యాక్సిలరేటర్ తొక్కి వదులుతుంటే శబ్దం వస్తూ, నేరుగా పోతున్నప్పుడు పికప్ తీసుకుంటే బండి అదిరితే, గేర్‌బాక్స్ వైపు ఉన్న డ్రైవ్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ) లోపలి జాయింటును చూడాలి. స్టీరింగ్ ఒక చివరికి తిప్పి నిదానంగా గుండ్రంగా తిరిగితే కటకటమని వరుసగా వస్తే, వేగంతో పాటు ఆ వరుస పెరిగితే, అది బయటి జాయింట్. రెండింటికీ ముందుగా కనిపించే గుర్తు ఒకటే: జాయింటును కప్పే రబ్బరు బూట్ చిరిగి, దాని చుట్టూ గ్రీజు చిమ్మి ఉంటుంది.

బ్రేకు కొట్టగానే కాళ్ల కింద ఫ్లోరులో ధబ్‌మని తగిలితే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి బండికి కలిపే చేయి) వెనక రబ్బరు బుష్‌ను అనుమానించాలి. బ్రేకు పడితే చక్రం వెనక్కి జరగాలని చూస్తుంది, దాన్ని పట్టి ఉంచేది ఆ బుష్షే. రివర్సు చేసి ఆ తర్వాత ముందుకు పోతూ మొదటి బ్రేకుకు ఒక్కసారి సన్నగా ‘టిక్’ అంటే మాత్రం అది బ్రేకు ప్యాడ్లు బ్రాకెట్‌లో ఒక అంచు నుంచి ఇంకో అంచుకు జరిగిన శబ్దం. చాలా కార్లలో ఇది మామూలే. గట్టిగా వస్తుంటే ప్యాడ్ల చివర్లలో ఉండే స్టీలు క్లిప్పులు వదులయ్యాయో, ప్యాడ్లు మార్చినప్పుడు పాతవాటితో పాటు పారేశారో చూడాలి. ప్యాడ్లను నొక్కే కాలిపర్ పిన్నులు గ్రీజు లేక ఎండిపోయినా ఇదే శబ్దం వస్తుంది.

ఆగి ఉన్న బండిలో స్టీరింగ్ తిప్పితే ‘టంగ్’ మని స్ప్రింగ్ ఎగిరినట్టు వస్తే స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన భాగం) పైన ఉండే మౌంటింగ్ బేరింగు పట్టేస్తోందన్నమాట. ఇక సస్పెన్షన్ శబ్దమా, ఇంజిన్ వైపు శబ్దమా అని తేల్చడానికి సులువైన పరీక్ష: ఖాళీ రోడ్డు మీద ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి, గేరు న్యూట్రల్ చేసి, నడక వేగంతో స్పీడ్ బ్రేకర్ దాటండి. ఇంజిన్ మాత్రం ఆపవద్దు. ఆపితే స్టీరింగ్ బిగుసుకుంటుంది, బ్రేకు బరువెక్కుతుంది. న్యూట్రల్‌లోనూ అదే శబ్దం వస్తే లింక్ రాడ్, స్టెబిలైజర్ బుష్, బాల్ జాయింట్ (లోయర్ ఆర్మ్ చివర చక్రం వైపు ఉండే గుండ్రటి కీలు), షాక్ అబ్జార్బర్ వరుసలో వెతకాలి. రాకపోతే ఆ వరుసను పక్కన పెట్టవచ్చు.

ఇంకో మాట ఇక్కడే చెప్పాలి. ఏ పార్టూ పోకుండా వచ్చే టక్ కూడా ఉంటుంది. గేర్ల పళ్ల మధ్య, డిఫరెన్షియల్‌లో, షాఫ్ట్ స్ప్లైన్లలో (చివర పళ్లలాంటి గాట్లలో) ప్రతి మాన్యువల్ బండికీ కొంత సందు ఉంటుంది. యాక్సిలరేటర్ మీది నుంచి కాలు తీసి తొక్కినప్పుడల్లా ఆ సందు ఒకవైపు నుంచి ఇంకోవైపుకు మూసుకుంటుంది. చిన్న కారులో సెకండ్ గేరులో ఇంజిన్ 1000 చుట్లు తిరిగితే బండి దాదాపు 13, 14 కి.మీ. వేగంతో పోతుంది. అదే సెకండ్ గేరులో 8 కి.మీ. వేగంతో పాకిస్తే ఇంజిన్ 600 చుట్లకు దిగిపోతుంది. అది ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ తిరిగే వేగం) కంటే తక్కువ. ఇంజిన్ వణుకుతుంది, ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ (ఈసీయూ) అది ఆగిపోకుండా తోస్తుంది, బండి ఊగుతుంది, మంచి మౌంటింగులు కూడా కొట్టుకుంటాయి. ‘8 కి.మీ.లకు దిగితే ఫస్టు గేరు వేయండి, శబ్దం పోతుంది’ అని చెప్పి పైసా తీసుకోకుండా పంపే మెకానిక్ దొరికితే ఆయన నంబరు భద్రంగా దాచుకోండి.

కంపెనీ సర్వీస్ సెంటర్లు

ఇక్కడి బలం పార్టు, పరికరం, వారంటీ. మౌంటింగు అచ్చంగా ఆ మోడల్‌దే వస్తుంది. ఏ బోల్టు ఎంత బిగించాలన్నది మాన్యువల్‌లో ఉంటుంది, ఆ బిగింపు కొలిచే టార్క్ రెంచ్ ఉంటుంది. ఆ మోడల్‌లో అందరికీ వచ్చే లోపమేదైనా ఉంటే కంపెనీ పంపిన సూచన కూడా వాళ్ల దగ్గరే ఉంటుంది. బండి వారంటీలో ఉంటే ఇంకెక్కడికీ పోవద్దు. బయట మౌంటింగు విప్పిస్తే తర్వాత క్లెయిమ్ దగ్గర మాట పడే అవకాశం ఉంటుంది.

బలహీనత జాబ్ కార్డు (మీ కంప్లయింట్ రాసుకునే కాగితం) దగ్గర మొదలవుతుంది. మీరు మాట్లాడేది అడ్వైజర్‌తో, పని చేసేది లోపలున్న టెక్నీషియన్. మధ్యలో మీ వివరమంతా ‘ముందు సైడ్ నాయిస్’ అనే ఒక్క ముక్కగా మారిపోతుంది. టెస్ట్ డ్రైవ్ అంటే సర్వీస్ రోడ్డు మీద 30, 40 కి.మీ. వేగంతో ఒక రౌండు. మీ శబ్దం 8 కి.మీ. వేగంలో, ఇంజిన్ వేడెక్కాక, క్లచ్ సగంలో ఉన్నప్పుడు వచ్చేది. వాళ్లకు వినపడదు. సాయంత్రానికి ‘చెక్ చేసినం సార్, ఏం లేదు’ అని బండి తిరిగొస్తుంది. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు, వాళ్ల ముందు శబ్దం రాలేదంతే.

దీనికి మందు జాబ్ కార్డు మీద రాయించే వాక్యమే. ఇట్లా రాయించండి: ‘ఫస్టు, రివర్సు గేర్లలో క్లచ్ వదిలేటప్పుడు ముందు ఎడమవైపు ఒక్క టక్. న్యూట్రల్‌లో స్పీడ్ బ్రేకర్ దాటితే రాదు. 20 నిమిషాలు ట్రాఫిక్‌లో తిరిగాక ఎక్కువ. కస్టమర్‌తో కలిసి టెస్ట్ డ్రైవ్ చేయాలి.’ చివరి వాక్యం తప్పనిసరి. అది ఉంటే ఫ్లోర్ ఇన్‌చార్జో, సీనియర్ టెక్నీషియనో పక్కన కూర్చుంటాడు. బండిని ఉదయం చల్లగా ఉన్నప్పుడు అప్పగించవద్దు. కాసేపు ట్రాఫిక్‌లో తిప్పి, వేడి మీద తీసుకుపోండి.

రెండో బలహీనత, అసెంబ్లీలు మార్చడం. లోయర్ ఆర్మ్‌లో బుష్ ఒక్కటే పోయినా చాలాసార్లు ఆర్మ్ మొత్తం మారుస్తారు. లోయర్ ఆర్మ్ విషయంలో దీన్ని తప్పు పట్టలేం. ప్రెస్సులో బుష్ వంకరగా దిగితే మళ్లీ అదే పని. బాల్ జాయింట్ కూడా అదే వయసుది కాబట్టి ఆర్మ్ మొత్తం మార్చడమే మంచిది. డ్రైవ్ షాఫ్ట్ విషయంలో మాత్రం అడగాలి. బూట్ చిరిగి జాయింట్ ఇంకా శబ్దం చేయకపోతే, శుభ్రం చేసి, కొత్త గ్రీజు పెట్టి, కొత్త బూట్, క్లాంపులు వేస్తే సరిపోతుంది. షాఫ్ట్ మొత్తం కొనాల్సిన పని లేదు.

మల్టీబ్రాండ్ గ్యారేజీలు

క్లచ్ వదిలేటప్పుడు వచ్చే శబ్దానికి మంచి మల్టీబ్రాండ్ గ్యారేజీని మించింది లేదు. ఓనరే మెకానిక్, మీ మాట వినేదీ పాన పట్టేదీ ఒకరే. మీతో పాటు సందుల్లో ఒక రౌండు వేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మౌంటింగు పరీక్ష ఎట్లా చేస్తారో చూస్తే గ్యారేజీ స్థాయి అక్కడే తెలిసిపోతుంది. సరైన పద్ధతి ఇది. నాలుగు చక్రాలకూ దిమ్మలు పెట్టి, హ్యాండ్ బ్రేక్ లాగి, బానెట్ ఎత్తి ఉంచాలి. బండికి ముందు, వెనక ఎవరూ నిలబడకూడదు. చూసేవాళ్లు పక్కనే ఉండాలి. లోపలున్న మనిషి బ్రేకు గట్టిగా తొక్కి, ఫస్టు గేరు వేసి, క్లచ్‌ను పట్టు దొరికేదాకా మాత్రమే వదలాలి. ఇంజిన్ ఒకవైపుకు ఒరుగుతుంది. ఒకటి రెండు సెకన్లు చాలు, వెంటనే క్లచ్ తొక్కేయాలి. అంతకంటే ఎక్కువ పట్టి ఉంచితే క్లచ్ ప్లేటు కాలుతుంది. తర్వాత రివర్సులో అదే పని. ఇంజిన్ కొద్దిగా ఒరగడం సహజం. అంగుళానికి మించి ఊగినా, ఒరుగు చివర ఇనుము ఇనుముకు తగిలిన శబ్దం వచ్చినా మౌంటింగు పోయినట్టే.

ఈ పరీక్ష కదలకుండా ఉన్న ఇంజిన్ మీద చేస్తే తెలియదు. చిరిగిన రబ్బరు తీరికగా ఉన్నప్పుడు అతుక్కుని ఉంటుంది, లైటు వేసి చూసినా మంచిదానిలాగే కనిపిస్తుంది. ఇంజిన్ ఒరిగిన ఆ ఒక్క సెకనులో మాత్రమే నల్లటి పగులు నోరు తెరుస్తుంది, క్లచ్ తొక్కగానే మూసుకుంటుంది. లోపల ద్రవం ఉండే హైడ్రాలిక్ మౌంటింగైతే బ్రాకెట్ మీద కిందికి కారిన నల్లటి జిడ్డు మరక చాలు, ఇంకో సాక్ష్యం అక్కర్లేదు.

ఈ గ్యారేజీల్లో తప్పు జరిగేది పట్టుకోవడంలో కాదు, మార్చడంలో. టార్క్ రాడ్ చవక, పది నిమిషాల పని. కాబట్టి దాన్నొక్కటే మార్చి పంపేస్తారు. పైన బెల్టు వైపు మౌంటింగు కుంగిపోయి ఇంజిన్ కిందికి దిగి ఉంటే, కొత్త టార్క్ రాడ్ మొదటి రోజు నుంచే వంకరగా లాగబడుతుంది, త్వరలోనే చిరుగుతుంది. మూడింటినీ చూసి ఏది ఎందుకు మారుస్తున్నారో చెప్పించుకోండి. మార్చేటప్పుడు ఇంజిన్ కింద జాకీ పెడితే మధ్యలో చెక్క దిమ్మ ఉండాలి. ఆయిల్ సంప్ మీద జాకీ తల నేరుగా పెడితే రేకు నొక్కుకుపోతుంది. బోల్టులన్నీ ముందు చేత్తో ఎక్కించి, ఇంజిన్‌ను ఊపి, కాసేపు ఐడిల్‌లో నడిపి దాని చోట అది కూర్చున్నాక బిగించాలి. లాగిపట్టి ఒక్కోటి బిగించుకుంటూ పోతే శబ్దం పోతుంది గాని స్టీరింగ్‌లో, సీటులో కొత్తగా వణుకు మొదలవుతుంది.

లోయర్ ఆర్మ్ దగ్గర ఇంతకంటే పెద్ద తప్పు జరుగుతుంది, దాన్ని చూసేవాళ్లు తక్కువ. బుష్ రబ్బరు లోపలి ఇనుప గొట్టానికి అంటుకుని ఉంటుంది. బోల్టు బిగిసిందంటే ఆ గొట్టం కదలదు, రబ్బరు మాత్రమే మెలి తిరుగుతుంది. చక్రం వేలాడుతున్నప్పుడు బోల్టు పూర్తిగా బిగిస్తే, బండి కిందికి దిగిన క్షణం నుంచి రబ్బరు మెలితిరిగే ఉంటుంది. కొత్త ఆర్మ్ వేసినా కొన్ని నెలల్లో బుష్ చిరిగిపోయే బండ్లలో ముందు చూడాల్సిన కారణం ఇదే. బోల్టును వదులుగా ఎక్కించి, బండి దించి, బరువు చక్రాల మీద పడ్డాక, చక్రాలు ఆనే పళ్లెమున్న ర్యాంపు మీదో పిట్ (కింద నిలబడి పనిచేసే గొయ్యి) మీదో చివరి బిగింపు ఇవ్వాలి. ఈ సంగతి అడిగితే ‘అవును, దించినంక బిగిస్తం’ అని వెంటనే చెప్పే గ్యారేజీకి మేం పూర్తి మార్కులు వేస్తాం.

వెనక చక్రాలు లాగే బండ్లు, అంటే బొలెరో, స్కార్పియో, ఈకో, ఇన్నోవా క్రిస్టాలాంటివైతే కథ వేరు. గేరు ముందుకు, వెనక్కి మార్చినప్పుడు బండి నడుం కింద ‘ఖట్’ మంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్ దాకా పోయే పొడవాటి కడ్డీ) క్రాసులు, అంటే దాని కీళ్లు చూడాలి. జీపులు, ట్రాలీలు, లారీలు చేసి చేసి చేయి తిరిగిన మెకానిక్‌లు ములుగు, భూపాలపల్లి, నర్సంపేట దిక్కు కూడా ఉన్నారు. ఈ పనికి నగరానికే రావాల్సిన అవసరం లేదు. క్రాస్ క్యాపు చుట్టూ ఎర్రటి తుప్పు పొడి కనిపిస్తే లోపల సూది బేరింగులు ఎండిపోయినట్టు. ఒక్కటే చూసుకోండి: షాఫ్ట్ విప్పే ముందు రెండు ముక్కల మీద, ఫ్లాంజి మీద గుర్తు గీస్తున్నారా? గీయకుండా విప్పి ఒక పంటి తేడాతో ఎక్కిస్తే టక్ పోయి 60 కి.మీ. వేగం దగ్గర వణుకు వస్తుంది. క్రాస్ మార్చినా ఖట్ తగ్గకపోతే స్లిప్ జాయింట్ స్ప్లైన్లలో గ్రీజు చూడమనండి, ఆ తర్వాతే వెనక యాక్సిల్ దాకా పోవాలి.

శబ్దం క్లచ్ ఓవర్‌హాలింగ్ తర్వాత మొదలైతే ఇవేవీ ముందు వద్దు. క్లచ్ కోసం గేర్‌బాక్స్ దించుతారు, చాలా మోడళ్లలో లోయర్ ఆర్మ్‌లను పట్టి ఉంచే కింది సబ్‌ఫ్రేమ్ కూడా వదులు చేస్తారు. సబ్‌ఫ్రేమ్ బోల్టులు, గేర్‌బాక్స్ వైపు మౌంటింగు బోల్టులు, లోయర్ ఆర్మ్ బోల్టులు సరిగా బిగిశాయా లేదా అని అదే గ్యారేజీలో చూపించుకోండి. దీనికి డబ్బు అడగకూడదు.

అలైన్‌మెంట్ షాపులు

స్పీడ్ బ్రేకర్ మీద, స్టీరింగ్ తిప్పినప్పుడు వచ్చే శబ్దాలకు ఇవి బాగా పనికొస్తాయి. పిట్ ఉంటుంది, బండి బరువు చక్రాల మీదే ఉంటుంది, రోజంతా చేసేది టై రాడ్ ఎండ్లు (స్టీరింగ్‌ను చక్రానికి కలిపే కీళ్లు), బాల్ జాయింట్ల పనే. లింక్ రాడ్‌ను పట్టుకుని ఒకరు, పైన బండి ఊపుతూ ఇంకొకరు చూస్తే లూజు వెంటనే చేతికి తెలుస్తుంది; జాకీతో ఒక్క చక్రమే ఎత్తితే రాడ్ ఒకవైపు లాగబడి ఆ లూజు దాక్కుంటుంది. బాల్ జాయింట్‌కు మాత్రం చక్రం ఎత్తి, కింద నుంచి లీవర్‌తో ఎత్తి చూడాలి. లోయర్ ఆర్మ్ బుష్‌కు బండిని అడుగు ముందుకు, అడుగు వెనక్కి కదిలించి బ్రేకు కొట్టిస్తూ, మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య సందు మారుతోందా అని చూడాలి. బుష్ పోయిన వైపు టైరు కంటికి కనిపించేలా జరుగుతుంది.

ఇక్కడ జాగ్రత్త పడాల్సిన విషయం వరుస. లూజు ఉన్న పార్టు మార్చకముందు అలైన్‌మెంట్ చేస్తే అది దండగ; ఆ అంకెలు మొదటి బ్రేకుకే మారిపోతాయి. లోయర్ ఆర్మ్, టై రాడ్ ఎండ్, రాక్ ఎండ్, స్ట్రట్ పని చేశాక అలైన్‌మెంట్ తప్పనిసరి. లింక్ రాడ్, స్టెబిలైజర్ బుష్, ఇంజిన్ మౌంటింగు మారిస్తే అవసరం లేదు, చేయాలంటే వద్దనండి. స్టీరింగ్ రాక్ లూజు అని అడ్జస్టర్ నట్టు బిగిస్తామంటే ఆలోచించాలి. కొంచెం ఎక్కువైనా స్టీరింగ్ మలుపు తర్వాత తనంతట తాను వెనక్కి రాదు. ఇంజిన్ వైపు శబ్దాన్ని మాత్రం వీళ్ల దగ్గరికి తీసుకుపోవడంలో అర్థం లేదు.

లోపలి డ్రైవ్ షాఫ్ట్ జాయింట్ విషయంలో మూడు చోట్లా ఒకే పొరపాటు చూస్తాం. షాఫ్ట్‌ను లోపలికి బయటికి లాగి ‘ప్లే ఉంది, పోయింది’ అంటారు. ఆ జాయింట్ లోపలికి బయటికి జారడానికే తయారైంది. చక్రం పైకి కిందికి ఆడుతుంటే షాఫ్ట్ పొడవు మారాలి కదా. చూడాల్సింది పైకి కిందికి ఉన్న లూజు.

పార్టులు, బిల్లు

రబ్బరు సామాను కొనేటప్పుడు ధర ఒక్కటే చూస్తే నష్టపోతాం. లోకల్ మౌంటింగుల్లో రబ్బరు ఎక్కువ గట్టిగా ఉంటే టక్ పోతుంది, కాని ఏసీ వేసి సిగ్నల్ దగ్గర ఆగితే డ్యాష్‌బోర్డు, అద్దం వణుకుతాయి. హైడ్రాలిక్ మౌంటింగు ఉన్న చోట మామూలు రబ్బరు ముద్ద వేసినా అంతే. ఇంజిన్ మౌంటింగులకు, లోయర్ ఆర్మ్‌కు కంపెనీ పార్టే వేయించండి. మారుతీకి జెన్యూయిన్ పార్ట్స్, హ్యుందాయ్‌కి మోబిస్ ప్యాకింగ్ వరంగల్ స్పేర్ పార్ట్స్ షాపుల్లో అడిగితే దొరుకుతుంది. ప్యాకెట్ మీద పార్ట్ నంబరు, ఎంఆర్‌పీ, తయారైన నెల చూసుకోండి. రబ్బరు షెల్ఫులో ఉన్నా గట్టిపడుతుంది, ఏళ్ల కిందటి సరుకు వద్దు. లింక్ రాడ్లు, స్టెబిలైజర్ బుష్‌ల దగ్గర పేరున్న బయటి బ్రాండు వేసుకున్నా ఇబ్బంది లేదు. పోయినా ప్రమాదం లేదు, మార్చడం సులువు. పాత బుష్‌లో ట్యూబు ముక్క పెట్టి బిగించడం, వాషర్లు పేర్చడం మాత్రం ఒప్పుకోవద్దు.

బిల్లు మీద పార్టు పేరుతో పాటు కుడి, ఎడమ, పైన, కింద అని రాయించండి. ‘మౌంటింగ్ - 1’ అంటే ఆరు నెలల తర్వాత ఏది మార్చారో ఎవరికీ గుర్తుండదు. పాత పార్టు చేతికి తీసుకుని, వంచి చూడండి: పగులు కనిపించకపోతే అసలు రోగం ఇంకా బండిలోనే ఉందేమోనని అక్కడికక్కడే అడగవచ్చు. డబ్బు ఇచ్చే ముందు అదే మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, శబ్దం వచ్చిన అదే గేరులో, అదే వేగంలో ఒక రౌండు వేయండి.

మొత్తంగా మా లెక్క ఇది. క్లచ్, యాక్సిలరేటర్‌తో వచ్చే శబ్దానికి మౌంటింగు పరీక్ష తెలిసిన మల్టీబ్రాండ్ గ్యారేజీ. స్పీడ్ బ్రేకర్, స్టీరింగ్, బ్రేకుతో వచ్చేదానికి పిట్ ఉన్న అలైన్‌మెంట్ షాపులో చూపించి, పెద్ద పార్టైతే గ్యారేజీలో మార్పించుకోవడం. వారంటీ బండికి, డ్యుయల్ మాస్ ఫ్లైవీల్ (ఇంజిన్‌కూ క్లచ్‌కూ మధ్య అదురు తగ్గించే రెండు ముక్కల చక్రం) ఉన్న డీజిల్ బండికి కంపెనీ సెంటర్. ఆ ఫ్లైవీల్ అరిగితే ఇంజిన్ ఆపేటప్పుడు, స్టార్టు చేసేటప్పుడు ధడేల్‌మంటుంది. అది గేర్‌బాక్స్ దించే ఖరీదైన పని. మౌంటింగులు మంచివని తేలకుండా దాని జోలికి పోనివ్వవద్దు.

మేడారం జాతరకు పోయే ముందు ఈ శబ్దాల గురించి చాలామంది అడుగుతారు. మేడారం దారిలో పస్రా దాటాక గంటల తరబడి ఫస్టు గేరు, హాఫ్ క్లచ్ మీదే ప్రయాణం కాబట్టి అడగడం సబబే. టార్క్ రాడ్ చిరిగిన బండి నెమ్మదిగా నడిపితే పోయి రాగలదు. ప్యాడ్ల టిక్, లింక్ రాడ్ టకటక వచ్చాక చూసుకోవచ్చు. బూట్ చిరిగితే పోయే ముందే వేయించండి. ఆ దారి దుమ్ము గ్రీజులో కలిస్తే జాయింట్ మిగలదు. బాల్ జాయింట్, టై రాడ్ ఎండ్, లోయర్ ఆర్మ్ బోల్టు లూజు అని తేలితే మాత్రం జాతరకే కాదు, ఇంటికి కూడా నడపవద్దు. టైరు పంక్చర్ వేయించాక, లేదా టైర్లు మార్చాక కొత్తగా టక్ మొదలైతే వెంటనే పక్కకు ఆపి వీల్ నట్లు చూడండి. చిన్న కార్లలో చాలావాటికి 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల మధ్య బిగింపు చెబుతారు. మీ బండి అంకె ఓనర్ మాన్యువల్‌లో ఉంటుంది. బండిలో ఉన్న పానతో నక్షత్రం గీసినట్టు ఒకటి విడిచి ఒకటి బిగించి, 50 నుంచి 100 కి.మీ. పోయాక మరోసారి సరిచూసుకోండి.